పూడిక తీసే రోజు బండ్లు ఎక్కడ పెట్టాలి?

వానాకాలం రాకముందు మురికి కాలువల్లో పూడిక తీయడం రాయలసీమలో ఏ ఊళ్ళోనైనా ఏటా జరిగే పనే. కర్నూలులో, కడపలో, అనంతపురంలో మే, జూన్ నెలల్లో పారిశుద్ధ్య కార్మికులు పారలూ గంపలూ పట్టుకుని వీధులకు వస్తారు. పెద్ద కాలువల దగ్గరికి జేసీబీలు వస్తాయి. కాలువ మీది బండలు లేపుతారు, లోపలి నల్లటి బురద తీస్తారు, పక్కనే రోడ్డంచున కుప్ప పోస్తారు. చాలా వీధుల్లో ఆ రోజుకి పని అక్కడితో ఆగిపోతుంది. తడి ఆరాలని కుప్పను రెండు మూడు రోజులు అక్కడే వదిలేస్తారు. ఈలోపు దాని ముందూ వెనకా బైకులు చేరతాయి, ఒక ఆటో వచ్చి ఆగుతుంది, రాత్రికి ఎవరిదో కారు వస్తుంది. ట్రాక్టర్ వచ్చేసరికి కుప్ప దగ్గరికి పోవడానికి సందు ఉండదు. అందినంత ఎత్తుకుని డ్రైవర్ వెళ్ళిపోతాడు. మిగిలింది టైర్ల కింద నలిగి రోడ్డంతా పరుచుకుని, మొదటి గట్టి వానకే మళ్ళీ కాలువలోకి జారుతుంది.

కూలి ఇచ్చి బయటికి తీయించిన బురద నెల తిరక్కుండా అదే కాలువలో చేరడం చిన్న నష్టం కాదు. ఒక కార్మికుడు మండుటెండలో నడుము వంచి చేసిన పని అది.

ఈ సంగతి ఎప్పుడు చర్చకు వచ్చినా మాట పారిశుద్ధ్యం వైపే పోతుంది. కార్మికులు చాలడం లేదంటారు, యంత్రాలు లేవంటారు, కాంట్రాక్టర్ సరిగా చేయడం లేదంటారు. వాటిలో నిజం ఉంది. అయితే కార్మికులూ యంత్రాలూ రెట్టింపయినా కాలువ పక్కన బండ్లు అలాగే ఉంటే ఫలితంలో పెద్ద తేడా రాదు. పూడిక తీయడానికి కాలువ మీది జాగా ఖాళీగా ఉండాలి, తీసింది ఎత్తుకెళ్ళడానికి రోడ్డంచు ఖాళీగా ఉండాలి. ఆ రెండు జాగాల్లోనూ ఈ రోజు బండ్లు ఉన్నాయి. అందుకని ఈ పనికి ముందు కావలసింది పార్కింగ్ పద్ధతి.

మంచు ఊళ్ళలో ఏం చేస్తారు

వీధిలో బండ్లు ఉండగా వీధిని ఎలా శుభ్రం చేయాలన్న ప్రశ్నతో అందరికంటే ఎక్కువగా పెనుగులాడినవి మంచు కురిసే నగరాలు. అక్కడ లారీకి ముందు పెద్ద ఇనుప రేకు బిగించి, రోడ్డు మీది మంచును పక్కకు తోసుకుంటూ పోతారు. తోసిన మంచు రోడ్డంచున గట్టులా పేరుకుంటుంది. అంచున కారు ఉంటే లారీ దాన్ని తప్పించుకుని పోతుంది. కారు చుట్టూ మంచు అలాగే ఉండిపోతుంది, పైగా తోసిన గట్టు కారును మూసేస్తుంది. ఆ మంచు గడ్డకట్టిందంటే తర్వాత కదలదు. ఇలా రెండు మూడుసార్లు జరిగితే వీధి వెడల్పు తగ్గిపోయి ఫైరింజన్ కూడా దూరలేని పరిస్థితి వస్తుంది.

అమెరికాలోని మినియాపొలిస్ జనాభా నాలుగు లక్షల పైచిలుకు, అంటే దాదాపు కర్నూలు అంతే. అక్కడ మంచు బాగా పడితే నగర పాలక సంస్థ స్నో ఎమర్జెన్సీ ప్రకటిస్తుంది. ఆ తర్వాత మూడు రోజుల కార్యక్రమం నడుస్తుంది. మొదటి రాత్రి 9 గంటల నుంచి మర్నాడు ఉదయం 8 దాకా ముఖ్యమైన రోడ్ల మీద రెండు వైపులా ఏ బండీ ఉండకూడదు. రెండో రోజు ఉదయం 8 నుంచి మిగతా వీధుల్లో సరి సంఖ్య ఇళ్ళ వైపు ఖాళీ చేయాలి. మూడో రోజు బేసి సంఖ్య ఇళ్ళ వైపు. అడ్డంగా ఉన్న కారుకు జరిమానా వేసి లాక్కుపోతారు. ఆ వైపు పూర్తిగా శుభ్రమైపోతే ఆ గడువు లోపలే మళ్ళీ బండి పెట్టుకోవచ్చు కూడా. మంచు మరీ ఎక్కువై వీధులు ఇరుకైన ఏడు ఒకే వైపు పార్కింగ్ అనే నియమం ఇంకొన్నాళ్ళు కొనసాగిస్తారు.

ఒక రోజు ఒక వైపు, ఇంకో రోజు రెండో వైపు అన్న ఈ పద్ధతి మంచుకే పరిమితం కాదు. న్యూయార్క్‌లో 1950లో దీన్ని మొదలుపెట్టింది వీధులు ఊడ్చే యంత్రాల కోసం. కార్లు అడ్డం ఉంటే ఊడ్చే బండి అంచు దాకా రాలేదు, చెత్తంతా అంచునే ఉంటుంది. కర్నూలు చిక్కుకి ఇది ఇంకా దగ్గరి ఉదాహరణ.

కెనడాలోని మాంట్రియల్ మరో మెట్టు ముందుకు పోయింది. అక్కడ మంచును పక్కకు తోసి వదిలేయరు, లారీల్లో నింపి ఊరి నుంచి తరలిస్తారు. మంచు ఎత్తే వీధిలో ముందుగా తాత్కాలిక బోర్డులు పెడతారు. ఎత్తే బండ్లు రావడానికి కాస్త ముందు లాగుడు బండి సైరన్ మోగిస్తుంది. అది విని జనం పరుగున వచ్చి కార్లు తీసుకుంటారు. రానివాళ్ళ కారును లాక్కుపోయి దగ్గరి వీధిలో నిలబెడతారు. పక్కకు తోయడం ఒక పని, ఎత్తుకెళ్ళడం వేరే పని, రెండో పనికి కూడా వీధి ఖాళీగా ఉండాలి అని ఆ నగరం స్పష్టంగా గుర్తించింది. మన ఊళ్ళలో లోపించింది సరిగ్గా ఆ గుర్తింపే. కాలువ తీసేటప్పుడు కార్మికులు ఇంటింటికీ చెప్పి ఎలాగో బండ్లు పక్కకు పెట్టిస్తారు. రెండు రోజుల తర్వాత ట్రాక్టర్ వచ్చేటప్పుడు చెప్పేవాళ్ళు ఉండరు.

జపాన్‌లో మంచు ఎక్కువ పడే కొన్ని ఊళ్ళ పద్ధతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. అక్కడ వీధి పక్కన కాలువలు కట్టి నీళ్ళు పారిస్తారు. ఇళ్ళవాళ్ళు తమ గుమ్మం ముందు మంచు తీసి అందులో వేస్తే నీటితో పాటు కొట్టుకుపోతుంది. అందరూ ఒకేసారి వేస్తే కాలువ నిండి వీధిలోకి పొర్లుతుంది కాబట్టి ఏ వాడకి ఎన్ని గంటలకు అని వేళలు పంచుకుంటారు. ఇళ్ళవాళ్ళు ఆ వేళ పాటిస్తేనే కాలువ పనిచేస్తుంది. మన కాలువ కూడా అంతే, ఇంటి ముందు ఊడ్చిన మట్టీ చెత్తా అందులోకే నెడుతున్నంత కాలం ఏ పూడికతీతా ఎక్కువ రోజులు నిలవదు.

కర్నూలులో ఇదెలా కుదురుతుంది

మంచు ఊళ్ళకు లేని ఒక సౌకర్యం కర్నూలుకు ఉంది. మంచు ఒక రాత్రిలో ఊరంతా కురుస్తుంది, మర్నాడే తీయాలి. పూడిక ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా చేరుతుంది. ఏ వీధిలో ఏ రోజు తీయాలో నెల ముందే నిర్ణయించుకోవచ్చు. ఊరంతా ఒకే రోజు ఖాళీ చేయాల్సిన పని లేదు, వీధి తర్వాత వీధి చేసుకుంటూ పోవచ్చు. ఇంత వెసులుబాటు ఉండీ తేదీల పట్టిక వేసుకోకపోవడం సమర్థించలేని విషయం.

వానల తీరు కూడా లెక్కలోకి తీసుకోవాలి. కర్నూలు ప్రాంతంలో ఏడాదికి పడేది సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరుల్లో పడుతుంది. మే నెలలో తీసిన కాలువ సెప్టెంబరు నాటికి మళ్ళీ సగం పూడుతుంది. కాబట్టి మే, జూన్ పని ఒక్కటే సరిపోదు, ఆగస్టు మొదట్లో ముఖ్యమైన కాలువలకైనా మరోసారి చేయి పెట్టాలి. ఏడాదికి ఒకసారి హడావుడి చేసి వదిలేస్తే జనానికి ఏ అలవాటూ కాదు. ఏ వీధికి ఏ వారం అన్నది స్థిరంగా ఉంటేనే అలవాటవుతుంది.

ఒక వీధికి ఎంత పని ఉంటుందో అంచనా వేసి చూడవచ్చు. 200 మీటర్ల వీధి, దానికి ఒక వైపు 60 సెంటీమీటర్ల వెడల్పు కాలువ, అందులో 25 సెంటీమీటర్ల మందాన పూడిక ఉందనుకుందాం. మొత్తం 30 ఘనపు మీటర్లు. ట్రాక్టర్ ట్రక్కులో సుమారు 3 ఘనపు మీటర్లు పడుతుంది కాబట్టి 10 ట్రిప్పులు కావాలి. గార్గేయపురం డంపింగ్ యార్డు ఊరి బయట నందికొట్కూరు దారిలో ఉంది. నింపడం, పోయి పోయడం, రావడం కలిపి ఒక్కో ట్రిప్పుకు గంట పైనే పడుతుంది. రెండు ట్రాక్టర్లు పెట్టినా ఉదయం మొదలైన పని మధ్యాహ్నం దాటుతుంది. అంటే ఒక వీధిలో ఒక వైపు పని ఒక రోజు పని. ఒక రోజు ఒక వైపు అన్న మినియాపొలిస్ నియమం కర్నూలు ట్రాక్టర్ల లెక్కకీ సరిపోతుంది.

అయితే సరి సంఖ్య, బేసి సంఖ్య అంటే ఇక్కడ కుదరదు. మన డోర్ నంబర్లు వార్డు నంబరుతో మొదలై, తర్వాత బై నంబర్లతో, ఎప్పుడు కట్టిన ఇంటికి అప్పుడు ఇచ్చినట్టుగా ఉంటాయి. వీధికి ఒక వైపు సరి, ఒక వైపు బేసి అని ఉండవు. దీనికి మన దగ్గర ఇంకా తేలికైన గుర్తు ఉంది. తన ఇల్లు ఏ ముఖమో తెలియని మనిషి ఇక్కడ ఉండడు. ఇల్లు కొన్నా, అద్దెకు తీసుకున్నా మొదట అడిగేది అదే. సోమవారం తూర్పు ముఖం ఇళ్ళ ముందు బండ్లు ఉండకూడదు, మంగళవారం పడమటి ముఖం ఇళ్ళ ముందు ఉండకూడదు అంటే చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. అడ్డ వీధుల్లో ఉత్తరం, దక్షిణం. బోర్డు కూడా అక్కర్లేదు.

బండ్ల రకం కూడా కర్నూలుకు అనుకూలమే. మంచు ఊళ్ళలో వీధి నిండా కార్లు. ఇక్కడ ఎక్కువ టూవీలర్లు. బైకును ఒక పూట గేటు లోపలికో, వరండాలోకో, ఎదురు వైపుకో మార్చడం ఎవరికీ భారం కాదు. చిక్కు వచ్చేది ఇంట్లో జాగా లేని కార్లతో, సరుకు ఆటోలతో. గాయత్రీ ఎస్టేట్, వెంకటరమణ కాలనీ లాంటి చోట్ల ఆసుపత్రులు, కోచింగ్ సెంటర్లు, అపార్ట్‌మెంట్లు వచ్చాక రోడ్డంచే పార్కింగ్ స్థలంగా మారింది. అక్కడికి వచ్చే బండ్లలో సగం ఆ వీధివాళ్ళవి కావు. పక్క జిల్లాల నుంచి రోగిని తీసుకొచ్చిన మనిషికి ఈ వీధిలో ఈ రోజు పూడిక తీస్తున్నారని ఎలా తెలుస్తుంది? అలాంటి వీధుల్లో ఇంటింటికీ చెప్పడం చాలదు. ఉదయమే రెండు చివర్లా బారికేడ్ పెట్టి, బండ్లు ఎటు పోవాలో చూపించే మనిషి ఉండాలి.

పాత బస్తీ సంగతి వేరు. వన్ టౌన్‌లో, పెద్ద మార్కెట్ చుట్టుపక్కల, పూల బజార్ వైపు కొన్ని సందులు రెండు బైకులు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత ఇరుకు. అక్కడ ఒక వైపు, రెండో వైపు అన్న మాటకే అర్థం లేదు. అక్కడ పనికొచ్చేది వేళ. తెల్లవారుజామున షాపులు తెరవకముందు, సరుకు దిగే లోపల రెండు మూడు గంటలు సందు మొత్తం ఖాళీగా ఉంచగలిగితే చాలు. పెద్ద ట్రాక్టర్ దూరదు కాబట్టి చెత్త సేకరించే చిన్న ఆటోల్లో నింపి, సందు చివర ట్రాక్టర్లో పోయాలి. రాజ్‌విహార్, కొండారెడ్డి బురుజు, పాత బస్టాండు దారుల్లాంటి ముఖ్యమైన రోడ్లలో రాత్రి తప్ప వేరే దారి లేదు. షాపులు మూసిన తర్వాత రెండు వైపులా ఒకేసారి చేయవచ్చు. మినియాపొలిస్‌లో కూడా మొదటి రాత్రి ముఖ్యమైన రోడ్లతోనే మొదలుపెడతారు. ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వైపు దారులు అన్నిటికంటే ముందుండాలి. ఆ ఆసుపత్రికి తెలంగాణ, కర్ణాటక సరిహద్దు ఊళ్ళ నుంచి కూడా రోగులు వస్తారు. అక్కడ నీళ్ళు నిలిస్తే అంబులెన్సు ఆగుతుంది.

బండ కింద చేయి పెట్టే మనిషి

పార్కింగ్ గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ తలచుకోని విషయం ఒకటుంది. కర్నూలు కాలువల మీద ఎక్కువగా కప్పేది బేతంచెర్ల, కడప వైపు నుంచి వచ్చే నాపరాళ్ళు. ఇద్దరు మనుషులు గడ్డపార పెట్టి లేపగలిగితే బండ పక్కకు వస్తుంది, కాలువ తెరుచుకుంటుంది, నిలబడి పారతో తీయవచ్చు. బండ మీద బైకు ఉంటే లేపలేరు. అప్పుడు కార్మికుడు పక్క బండ దగ్గరి సందులోంచి వంగి, చేయి లోపలికి చాచి, కనపడని చోట బురద లాగాలి. గాజు పెంకు ఉందో, సిరంజి ఉందో, పాము ఉందో తెలియదు. చాలా వాడల్లో మరుగుదొడ్ల నీళ్ళు కూడా ఇవే కాలువల్లో కలుస్తాయి.

మనుషులతో మలం ఎత్తించడాన్ని, రక్షణ లేకుండా మురుగులోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు మురుగు కాలువల్లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. వీధి పక్కన రెండడుగుల లోతు కాలువ మ్యాన్‌హోల్ అంత ప్రమాదకరం కాకపోవచ్చు. అయినా కాలువలోకి చేయి పెట్టక్కర్లేకుండా పార వాడుకునే వీలు కల్పించడం కనీస మర్యాద. అందుకు కావలసింది ఆ బండ మీది బైకును నాలుగు గంటల పాటు తీసి పెట్టడం. ఇంతకంటే చవకైన రక్షణ పరికరం ఇంకోటి లేదు.

కదిలే బండ్ల సమస్య తేలిక. కదలనివి ర్యాంపులు. షాపు ముందు బండి ఎక్కించడానికి కాలువ మీద సిమెంటుతో గట్టిగా పోసిన ర్యాంపు కింద పూడిక ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. దానికి పైనా కిందా కాలువ ఎంత శుభ్రం చేసినా నీళ్ళు అక్కడ ఆగుతాయి. వాటన్నిటినీ పగలగొట్టాలంటే గొడవలు, కోర్టులు. మధ్యేమార్గం ఉంది. కొత్తగా వేసే ర్యాంపు విడదీయగలిగే ఇనుప జాలీతోనో, కొక్కేలున్న చిన్న పలకలతోనో వేయాలని షరతు పెట్టడం, పాతవాటికి మధ్యలో తెరుచుకునే మూత పెట్టించడం. ట్రేడ్ లైసెన్సు రెన్యూవల్ చేసే సమయంలో ఇది అడిగితే చాలావరకు అయిపోతుంది.

ఎవరి చేతిలో ఏముంది

పూడిక తీయించేది నగర పాలక సంస్థ. బండి తీయించే అధికారం పోలీసులది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 117వ సెక్షన్ ప్రకారం బండ్లు నిలిపే స్థలాలను రాష్ట్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చినవారు, స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయిస్తారు. 127వ సెక్షన్ ప్రకారం పార్కింగ్ నిషేధించిన చోట పెట్టిన బండిని, లేదా బహిరంగ స్థలంలో పది గంటలకు మించి వదిలేసిన బండిని తీయించే ఆదేశం ఇవ్వాల్సింది యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి. శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఎంత అరిచినా బండిని ముట్టుకోలేడు, ట్రాఫిక్ పోలీసుకు ఏ వీధిలో ఏ రోజు పూడిక తీస్తున్నారో తెలియదు. పైగా కొన్ని రోడ్లు రోడ్లు, భవనాల శాఖవి, వాటి పక్క కాలువలు ఎవరివో అన్న వాదన ఎప్పుడూ ఉంటుంది.

కాబట్టి తేదీల పట్టిక ఇద్దరూ కలిసి వేయాలి. ఆ పట్టికలోని వీధులకు ఆ రోజుల వరకు నో పార్కింగ్ అని అధికారికంగా ప్రకటించాలి. పని జరిగే చోట ఒక కానిస్టేబుల్ ఉండాలి. మొదటి ఏడాది జరిమానాల కన్నా బండిని పక్క వీధికి మార్చే మాంట్రియల్ పద్ధతే ఇక్కడ మేలు. బైకు లాక్ వేసి ఉంటే నలుగురు ఎత్తి పది గజాల అవతల పెట్టవచ్చు. జరిమానా వేస్తే ఆ రోజు గొడవ ఆ బండి చుట్టూ తిరుగుతుంది, పని ఆగుతుంది.

జనం పాటించరన్న మాట తరచూ వినిపిస్తుంది. కర్నూలు జనం ఇంతకంటే కష్టమైన వేళలు రోజూ పాటిస్తున్నారు. కుళాయి నీళ్ళు ఏ వీధికి ఏ రోజు, ఎన్ని గంటలకు వస్తాయో ప్రతి ఇంటికీ తెలుసు, ఆ వేళకు మనిషి ఇంట్లో ఉండేలా చూసుకుంటారు. లైన్ల మరమ్మతు ఉంది, ఉదయం 9 నుంచి 2 దాకా కరెంటు ఉండదని పేపర్లో వస్తే దాని ప్రకారం పనులు మార్చుకుంటారు. వినాయక నిమజ్జనం రోజు విగ్రహాలు కేసీ కాలువ దగ్గరి వినాయక ఘాట్‌కు పోయే దారుల్లో పార్కింగ్ ఎక్కడ, దారి మళ్ళింపు ఎటు అని పోలీసులు ముందే చెబుతారు, రోడ్లు ఖాళీ అవుతాయి. వేళ నమ్మదగినదైతే జనం పాటిస్తారు. రేపు వస్తామని చెప్పి వారం తర్వాత వస్తే రెండోసారి ఎవరూ బండి తీయరు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. మొదటి నెలలో ఒక్క తేదీ కూడా తప్పకపోవడమే ఈ పద్ధతికి ప్రాణం. తేదీ తప్పే పరిస్థితి వస్తే ముందు రోజు రాత్రే రద్దు కబురు పోవాలి.

కబురు చేర్చడానికి కొత్త యాప్‌లు అవసరం లేదు. 2019లో మొదలైన వార్డు సచివాలయాల్లో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శి ఒకరు ఉంటారు. చెత్త సేకరణ బండికి మైకు ఉంది. వీధి వాట్సాప్ గ్రూపులు ఉన్నాయి. మూడు రోజుల ముందు ఒకసారి, ముందు రోజు సాయంత్రం ఒకసారి, ఆ ఉదయం మాంట్రియల్ సైరన్‌లా మైకులో ఒకసారి చెబితే చాలు. కర్నూలులో ఉర్దూ మాట్లాడే వాడలు ఎన్నో ఉన్నాయి కాబట్టి రెండు భాషల్లో చెప్పాలి.

ఇంట్లో జాగా లేని కార్లకు ఒక పూట చోటు చూపించాలి. దగ్గర్లోని మున్సిపల్ స్కూలు ఆవరణ వేసవి సెలవుల్లో ఖాళీగా ఉంటుంది. ఉస్మానియా, కోల్స్ లాంటి కాలేజీల మైదానాలు పాత బస్తీకి దూరం కావు, యాజమాన్యాలతో మాట్లాడుకుంటే ఆ నాలుగైదు రోజులకు వాడుకోవచ్చు. పూడికతీత వేసవి సెలవుల్లో పడటం ఈ విషయంలో కలిసొచ్చే అంశం. ఆగస్టు పనికి మాత్రం ఆదివారాలే దిక్కు.

వరద తర్వాతి వారం

మామూలు రోజుల్లో ఈ అలవాటు ఉండటం ఎందుకు ముఖ్యమో 2009 చెబుతుంది. ఆ ఏడు అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగి కర్నూలు పాత బస్తీని ముంచేశాయి. దిగువన శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన రోజులవి. నీళ్ళు తీశాక ఇళ్ళలో, షాపుల్లో మిగిలింది బురద. ప్రతి ఇంటివాళ్ళూ తమ బురదను వీధిలోకి తోశారు, ఇంకెక్కడికి తోస్తారు? వీధిలో అప్పటికే మునిగి పాడైన బండ్లు, తడిసిన సామాన్లు. ఎత్తే యంత్రం రావాలంటే ముందు ఇవన్నీ కదలాలి.

కడపలో 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు బుగ్గవంక పొంగినప్పుడూ, అనంతపురంలో 2022 అక్టోబరులో నడిమివంక ఒడ్డు కాలనీలు మునిగినప్పుడూ తర్వాతి బురద కథ ఇదే. ఏ వైపు సామాన్లు పెట్టాలి, ఏ వైపు యంత్రానికి వదలాలి అన్నది అప్పటికప్పుడు మైకులో చెబితే ఎవరికీ ఎక్కదు. ఏటా పూడికతీతకు తూర్పు ముఖం, పడమటి ముఖం అలవాటైన వీధిలో అదే మాట ఒక్కసారి చెబితే సరిపోతుంది.

మొదలుపెట్టడానికి ఊరంతా అక్కర్లేదు. రోడ్డు కాస్త వెడల్పుగా ఉన్న ఒక కాలనీ, ఇరుకు సందులున్న ఒక పాత వార్డు, ఒక ముఖ్యమైన రోడ్డు తీసుకుని ఒక వేసవిలో చేసి చూడవచ్చు. అందులో తప్పనిసరిగా మార్చాల్సింది బిల్లు కట్టే తీరు. పూడిక తీసిన కాలువ పొడవును బట్టి కాంట్రాక్టర్‌కు డబ్బు ఇస్తే, కాలువలోంచి తీసి గట్టున పోయడంతోనే అతని పని అయిపోతుంది. తర్వాత ఎత్తుకెళ్ళడం అతనికి ఖర్చే తప్ప రాబడి లేదు. డంపింగ్ యార్డు దగ్గర వేబ్రిడ్జి మీద తూకం వేసి, దించిన టన్నులకు డబ్బు ఇస్తే లెక్క తిరగబడుతుంది. నీళ్ళతో బరువు పెంచకుండా ఒక పూట ఆరబెట్టి, అదే సాయంత్రం ఎత్తాలన్న షరతు కూడా ఒప్పందంలో ఉండాలి. అప్పుడు గట్టున మిగిలిన ప్రతి గంప అతనికి నష్టం. వీధి ఖాళీ చేయించండి, కానిస్టేబుల్‌ను పంపండి, మైకులో ఇంకోసారి చెప్పించండి అని నగర పాలక సంస్థ వెంట పడేది అప్పుడు కాంట్రాక్టరే.